ప్లేనర్‌లో పలక చివర్లు గుంట పడకుండా

చిన్న థిక్‌నెస్ ప్లేనర్‌లో (చెక్క పలకను అంతటా ఒకే మందానికి చెక్కే యంత్రం) పెట్టిన పలక మధ్యలో నున్నగానే వస్తుంది గానీ, రెండు చివర్లా 2, 3 అంగుళాల మేర కాస్త లోతుగా కోసుకుపోతుంది. బ్లేడుకు ముందూ వెనకా ఉండి పలకను నొక్కి లాగే రెండు రోలర్లలో ఒకటే దాన్ని పట్టుకున్న ఆ కాసేపు కొస పైకి లేచి బ్లేడుకు తగలడమే కారణం. ఆ చివర్లు కోసి పారేస్తే మంచి చెక్క దండగ.

పలకకు అటూ ఇటూ రెండు పనికిరాని చెక్క బద్దలను హాట్ గ్లూతో అంటించండి. అవి ముందూ వెనకా 5 అంగుళాల చొప్పున పొడుచుకు రావాలి. మందం పలక కన్నా 1 మిల్లీమీటరు ఎక్కువున్నా పర్లేదు, తక్కువ ఉండకూడదు. అడుగున మాత్రం పలకతో సమంగా ఆనాలి. ఇక ఆ గుంట బద్దల మీదే పడుతుంది. ఒక్కో విడతకు అర మిల్లీమీటరు చాలు, ఆఖరి విడత ఇంకా పలుచగా తీయండి. పనయ్యాక పుట్టీ కత్తి దూర్చి ఊడదీయడమే. మేకులు, స్క్రూలు అస్సలు వద్దు, బ్లేడుకు తగిలితే ప్రమాదం.

మెలి తిరిగిన పలకకు ఇది పనిచేయదు. రోలర్లు నొక్కినంతసేపే అది చదునుగా ఉంటుంది, బయటికి రాగానే మళ్లీ మెలి తిరుగుతుంది. ముందు ఒక వైపు చిత్రిక పట్టి చదును చేసుకోవాలి.