పై బీపీ ఎక్కువ, లేస్తే కళ్లు తిరగడం: అరవై దాటినవారికి

సమస్య: పై బీపీ 165, కిందిది 70
"కిందిది బాగానే ఉందిగా, ఈ వయసుకి పైది ఆమాత్రం ఉంటుందిలే" అని సర్దిచెప్పుకుంటారు. సరిగ్గా అక్కడే ముప్పు.

కారణం: గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని వయసులో ఉన్నప్పుడు ప్రతి పోటుకీ ఉబ్బి, మళ్లీ ముడుచుకుంటూ రక్తాన్ని ముందుకు తోస్తుంది. వయసు మీదపడేకొద్దీ దాని గోడలోని సాగే గుణమున్న ఎలాస్టిన్ పోగులు తెగిపోయి, కొల్లాజెన్ అనే గట్టి పదార్థం పేరుకుంటుంది. ఉబ్బలేదు కాబట్టి పైది పెరుగుతుంది, ముడుచుకోలేదు కాబట్టి కిందిది పడిపోతుంది. అంటే కిందిది తగ్గడం కూడా జబ్బు లక్షణమే. రెండింటికీ తేడా 60 దాటితే నాళాలు బిరుసెక్కాయని అనుమానించాలి.

ఆ పోటు తగ్గకుండా వెళ్లి తగిలేది మెదడుకే. బరువులో శరీరంలో 2 శాతమే అయినా, గుండె పంపే రక్తంలో దాదాపు 15 శాతం దానికే కావాలి. అందుకే అక్కడి నాళాలు రక్తాన్ని పెద్దగా అడ్డుకోవు, దెబ్బ సన్నని కొసల దాకా పోతుంది. ఎంఆర్ఐలో కనిపించే తెల్లమచ్చలు, మందగించిన నడక, ఆలోచన వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

పరిష్కారం: పైదాన్ని తగ్గించడమే. అమెరికాలో జరిగిన స్ప్రింట్ పరిశోధనలో మెదడుకు సంబంధించిన ఫలితాలు 2019లో వచ్చాయి. పై బీపీని 120 లోపుకి తేవాలని చూసినవారిలో, 140 లోపు చాలనుకున్నవారికంటే జ్ఞాపకశక్తి, ఆలోచన కొద్దిగా తగ్గే దశ తక్కువగా కనిపించింది. అందరికీ 120 పనికిరాదు, అది డాక్టరు తేల్చాలి. రోజూ చురుగ్గా నడవడం, పొగ మానడం మన చేతిలోవి. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదు. ఆవకాయ, అప్పడం, వడియం ఉన్న విస్తట్లో అది ఎప్పుడో దాటిపోతుంది.

సమస్య: లేవగానే కళ్లు బైర్లు కమ్మడం

కారణం: మెడ దగ్గరి నాళాల గోడల్లో బీపీని పసిగట్టే నరాల కొసలుంటాయి. గోడ బిరుసెక్కితే అవి ఆలస్యంగా స్పందిస్తాయి. లేచిన క్షణంలో మెదడుకు రక్తం చాలదు. ప్రోస్టేటుకి వాడే టామ్సులోసిన్, నీరు పోయే మాత్రలు దీన్ని పెంచుతాయి.

పరిష్కారం: 5 నిమిషాలు పడుకుని ఒకసారి, లేచి నిలబడ్డాక 1, 3 నిమిషాలకు మరోసారి బీపీ చూడండి. పైది 20 గానీ కిందిది 10 గానీ పడిపోతే ఆ అంకెలూ, వాడే మాత్రలన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మాత్రలు సొంతంగా మానేయొద్దు. రాత్రి బాత్రూముకి లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని లేవాలి. భోజనం దండిగా చేశాక కళ్లు తిరిగితే, అన్నం కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినాలి.

సమస్య: చూసినప్పుడల్లా వేరే అంకె
చాలాసార్లు తప్పు చూసే తీరులోనే. చుట్టే పట్టీ చిన్నదైనా, మాట్లాడుతూ చూసుకున్నా, మూత్రం ఆపుకున్నా అంకె పెరుగుతుంది.

మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు, బీపీ చూస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు.