సెటో దీవులకు జూన్ నుంచి అక్టోబరు మధ్య వెళ్లేవారికి జాగ్రత్తలు

జపాన్‌లో హోన్షూ, షికోకు, క్యూషూల నడుమ ఉన్న సెటో సముద్రం ఒడ్డు నుంచి చూస్తే పెద్ద చెరువులా కనిపిస్తుంది. ఎటు చూసినా దీవులే, సుమారు 700. రెండు వైపులా కొండలు మేఘాలను అడ్డుకోవడంతో వాన కూడా తక్కువే. అందుకే షికోకులోని కగావా ప్రాంతంలో చెరువుల కింద సాగు పాతది. అక్కడి మన్నో చెరువు కట్టను 821లో కూకై అనే బౌద్ధ భిక్షువు బాగుచేయించాడు. వాన తక్కువన్న పేరు విని, తుపానుల నెలల్లో కూడా గొడుగు ఒక్కటి సర్దుకుని బయల్దేరేవాళ్లున్నారు.

ముందుగా భయపడాల్సింది కొండకు. ఇక్కడి వాలుల్లో చాలావరకు శిథిలమైన గ్రానైట్ ఇసుకమట్టి. నీరు పట్టిందంటే బండరాళ్లతో సహా జారుతుంది. 2014 ఆగస్టులో హిరోషిమా శివార్లలో ఒక్క రాత్రి వానకు 70 మందికి పైగా చనిపోయారు. 2018 జులైలో పశ్చిమ జపాన్ అంతటా కలిపి మృతులు 200 దాటారు. అప్పుడు కురాషికి నగరంలోని మాబి ప్రాంతం మునిగింది. ఎంతవరకు మునగవచ్చో నగరపాలకులు అంతకుముందే మ్యాపు వేసి ఇచ్చారు. నీళ్లు దాదాపు ఆ గీతల దాకానే వచ్చాయి. కాబట్టి గది బుక్ చేసేముందు ఆ ఊరి హజార్డ్ మ్యాపు (ముప్పున్న చోట్లు చూపే పటం) తెరవండి. పసుపు రంగు ఉంటే కొండచరియల ముప్పు, ఎరుపైతే మరీ ఎక్కువ. సముద్రం చక్కగా కనిపించే గదుల వెనక తరచు కొండే ఉంటుంది. ఎరుపులో ఉన్న గది ఎంత చవకైనా వద్దు.

హెచ్చరికలకు అయిదు స్థాయిలున్నాయి. మూడోది వృద్ధులు, పిల్లలున్నవారు కదలడానికి, నాలుగోది అందరూ ఖాళీ చేయడానికి. అయిదో స్థాయి వచ్చేసరికి బయటికి వెళ్లడమే ప్రమాదం కావచ్చు. భాష రానివారు మూడుకే కదలడం మేలు. సేఫ్టీ టిప్స్ అనే యాప్ ఇంగ్లీషులోనూ హెచ్చరిస్తుంది.

ఇక నీళ్లు. అలలు లేవని దిగకండి. ఇమాబారి దగ్గరి కురుషిమా జలసంధిలో ప్రవాహం 10 నాట్ల దాకా, అంటే గంటకు 18 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. సుమారు ఆరు గంటలకోసారి దిశ మారుతుంది. నేటికీ పెద్ద నౌకలు ప్రవాహం వెంట వెళ్తే నడిమి పాయలో, ఎదురెక్కితే పడమటి పాయలో సాగాలి. ఈ సుడులు తెలిసినవారు గనుకే ఒకప్పుడు ఇక్కడి సముద్రాన్ని ఏలిన మురకామి వంశీకులు దారినపోయే ఓడల నుంచి సుంకం వసూలు చేయగలిగారు. 1588లో జపాన్ పాలకుడు హిదెయోషి సముద్రపు దోపిడీని నిషేధించేదాకా వారి మాటే చెల్లింది. ఈత కేటాయించిన తీరాల్లోనే, కయాక్ స్థానిక గైడుతోనే.

జూన్‌లో పొగమంచును కూడా లెక్కలో పెట్టుకోండి. 1955 మేలో పొగమంచులో రెండు ఓడలు ఢీకొని, వాటిలో షియున్‌మారు అనే ఓడ మునిగింది. బడిపిల్లలతో సహా 168 మంది పోయారు. హోన్షూ, షికోకులను కలుపుతూ 1988లో పూర్తయిన సెటో మహావంతెన కోసం పట్టుదల పెరిగింది ఆ తరువాతే. ఇప్పుడు పొగమంచు పట్టినా, తుపాను వచ్చినా పడవలు ఆపేస్తారు. అదే గాలికి వంతెనలూ మూసేస్తే దీవి దాటే దారి ఉండదు. తిరుగు విమానానికి ముందురోజు చిన్న దీవిలో బస పెట్టుకోవద్దు. రెండు రోజులకు సరిపడా మందులు, నీళ్లు, నగదు యెన్‌లు అదనంగా ఉంచుకోండి. సాయంత్రం ఆఖరి పడవ వేళను రేవులోనే ఫొటో తీసుకోండి.

అడవి పందులు దీవి నుంచి దీవికి ఈదుకుంటూ వస్తాయి. చీకట్లో తోటల దారి పట్టకండి. సముద్రంలో ఆపదైతే 118, అంబులెన్సుకు 119.