ఎక్సెల్ రిపోర్టులు నేర్చుకుందాం – 5వ పాఠం: పివట్ టేబుల్‌కి ఫిల్టర్లు

పోయిన పాఠంలో తేదీ, శాఖ, వస్తువు, సంఖ్య అనే నాలుగు కాలమ్‌ల డేటాతో పివట్ టేబుల్ (డేటాను గుంపులుగా కలిపి మొత్తాలు చూపే పట్టిక) తయారుచేశాం. శాఖలు అడ్డువరుసల్లో, వాటి ఎదురుగా సంఖ్యల మొత్తాలు ఉన్నాయి. ఆ ఫైల్ తెరిచి పెట్టుకోండి. ఇది చదివితే వచ్చేది కాదు, చేతులతో చేస్తేనే వస్తుంది.

మామూలు షీట్‌లో ఫిల్టర్ పెడితే వరుసలు దాక్కుంటాయి, అంతే. కింద రాసుకున్న సమ్ ఫార్ములా దాక్కున్న వాటిని కూడా కలుపుకునే లెక్క చెబుతుంది. పివట్‌లో అలా కాదు. ఫిల్టర్‌లో తీసేసింది మొత్తంలోంచి కూడా పోతుంది. అడుగున కనిపించే గ్రాండ్ టోటల్ కళ్లముందు ఉన్నవాటి మొత్తమే. కాబట్టి ఏ ఫిల్టర్ పెట్టామో రిపోర్టు చూసేవాళ్లకు తెలియాలి. తెలియకపోతే లెక్క సరైనదే అయినా వాళ్లు దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు.

ఇప్పుడు ఫీల్డ్ లిస్ట్ (పివట్ మీద క్లిక్ చేస్తే పక్కన వచ్చే కాలమ్ పేర్ల జాబితా) లోంచి ‘వస్తువు’ని లాగి ఫిల్టర్స్ పెట్టెలో వేయండి. పివట్ పైన ఒక గడి వస్తుంది, అందులో ‘ఆల్’ అని ఉంటుంది. దాని బాణం నొక్కి ఒక వస్తువు ఎంచుకుంటే ఆ పేరే గడిలో కనపడుతుంది. రెండు మూడు ఎంచుకోవాలంటే ‘సెలెక్ట్ మల్టిపుల్ ఐటమ్స్’ దగ్గర టిక్ పెట్టాలి. అప్పుడు గడిలో పేర్లు పోయి ‘మల్టిపుల్ ఐటమ్స్’ అని మాత్రం మిగులుతుంది. ఆ రిపోర్టు ప్రింట్ తీసి ఎవరికైనా ఇస్తే, ఏవి ఎంచుకున్నామో వాళ్లకు తెలిసే దారి లేదు.

అందుకే నేను స్లైసర్ వాడమంటాను. ఎక్సెల్ 2010 నుంచి ఇది ఉంది. పివట్‌లో ఏదైనా గడి మీద క్లిక్ చేసి, ఇన్సర్ట్ ట్యాబ్‌లో స్లైసర్ నొక్కి, ‘వస్తువు’కి టిక్ పెట్టండి. ఒక్కో వస్తువుకీ ఒక్కో బటన్ వస్తుంది, ఎంచుకున్నవి రంగుతో కనపడతాయి. కంట్రోల్ కీ పట్టుకుని నొక్కితే ఎన్నైనా ఎంచుకోవచ్చు. అదే డేటా నుంచి తీసిన పివట్‌లు ఇంకా ఉంటే, స్లైసర్ మీద రైట్ క్లిక్ చేసి ‘రిపోర్ట్ కనెక్షన్స్’లో వాటికీ టిక్ పెట్టండి. ఒక్క బటన్‌తో అన్నీ కలిసి మారతాయి.

ఇక శాఖల సంగతి. ‘రో లేబుల్స్’ పక్కనున్న బాణం నొక్కి ఒక శాఖకు టిక్ తీసేయండి. ఇది తేలికే. చిక్కు తర్వాత వస్తుంది. ఇలా చేత్తో టిక్‌లు తీసిన ఫీల్డ్‌లోకి, డేటాలో కొత్తగా చేరిన పేరు రిఫ్రెష్ చేసినా (మారిన డేటాను పివట్‌లోకి మళ్లీ తెప్పించినా) రాదు. హెచ్చరిక కూడా ఏమీ ఉండదు. నేను ఒకసారి ఇలాగే కొత్త శాఖ లేకుండా నెల రిపోర్టు పంపేశాను. మొత్తం ఎందుకు తగ్గిందో అర్థంకాక ఫార్ములాలన్నీ వెతికాను. టెన్షన్‌లో ఫిల్టర్ వైపు చూడాలని తోచనే లేదు.

దీనికి మందు ఉంది. శాఖ పేరు మీద రైట్ క్లిక్ చేసి ‘ఫీల్డ్ సెట్టింగ్స్’ తెరవండి. ‘సబ్‌టోటల్స్ అండ్ ఫిల్టర్స్’ ట్యాబ్‌లో ‘ఇన్‌క్లూడ్ న్యూ ఐటమ్స్ ఇన్ మాన్యువల్ ఫిల్టర్’ అని ఉంటుంది. దానికి టిక్ పెట్టండి. ఫిల్టర్ పెట్టే ప్రతిసారీ ఇది చూసుకోవడం అలవాటు చేసుకోండి.

‘రో లేబుల్స్’ బాణం కిందే ‘వాల్యూ ఫిల్టర్స్’ కూడా ఉన్నాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. ‘50 కంటే ఎక్కువ’ అని పెడితే అది డేటాలోని ఒక్కో వరుసనూ చూడదు, శాఖ మొత్తాన్ని చూస్తుంది. ఒక శాఖలో 20 చొప్పున మూడు అమ్మకాలు ఉంటే మొత్తం 60 కాబట్టి ఆ శాఖ కనపడుతుంది, 50 దాటిన అమ్మకం ఒక్కటీ లేకపోయినా సరే. విడివిడి అమ్మకాలే కావాలంటే అసలు డేటాలో ఒక కొత్త కాలమ్ పెట్టి, 50 దాటిన వరుసలకు ‘అవును’, మిగతావాటికి ‘కాదు’ వచ్చేలా ఇఫ్ ఫార్ములా రాయండి. పివట్‌ని రిఫ్రెష్ చేసి, ఆ కాలమ్‌కి స్లైసర్ పెట్టి ‘అవును’ నొక్కితే పని అయిపోతుంది.

అభ్యాసం: డేటా రెండో పాఠంలో చెప్పినట్టు కంట్రోల్, టీ కీలతో టేబుల్‌గా మార్చి ఉండాలి. ‘ఇన్‌క్లూడ్ న్యూ ఐటమ్స్’ సెట్టింగ్‌కి టిక్ తీసేసి, ఒక శాఖను దాచండి. డేటా అడుగున ‘కొత్త 1’ అనే శాఖ పేరుతో ఒక వరుస చేర్చి, పివట్ మీద రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్ నొక్కండి. అది రాదు. బాణం నొక్కి దానికి చేత్తో టిక్ పెట్టండి, తర్వాత సెట్టింగ్‌కి టిక్ పెట్టండి. ఇప్పుడు ‘కొత్త 2’ చేర్చి మళ్లీ రిఫ్రెష్ చేయండి. ఈసారి దానంతట అదే వస్తుంది, మీరు దాచిన శాఖ మాత్రం దాగే ఉంటుంది.

వచ్చే పాఠంలో తేదీల కోసం టైమ్‌లైన్ పెడదాం. ఈలోగా మీ తేదీ కాలమ్‌లో తేదీలన్నీ నిజంగా తేదీలేనా, టెక్స్ట్‌గా పడ్డవి ఏమైనా ఉన్నాయా చూసి పెట్టుకోండి.