ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టే ముందు

డిప్రెషన్‌కి డాక్టర్ ఎస్సిటాలోప్రామ్ రాశారా? మొదటి మాత్ర వేసుకునే ముందు ఇవి చూసుకోండి.

– స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి. కొన్నిటి మీద ఎస్సిటాలోప్రామ్‌తో పాటు క్లోనజెపామ్ అని కూడా ఉంటుంది. అది వేరే మందు. మత్తుగా ఉంటుంది, ఎక్కువ రోజులు వాడితే అలవాటైపోతుంది. చీటీలో రాసిందీ, షాపులో ఇచ్చిందీ ఒకటేనా అని పోల్చి చూడండి.

– వాడుతున్న మందులన్నీ డాక్టర్‌కి చెప్పండి. మోకాళ్ల నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కూడా. వీటితో కలిస్తే రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. ట్రమడాల్ అనే నొప్పి మందు వాడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. గుండె జబ్బు, ఫిట్స్, గర్భం, ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారుగా గడపడం, ఇవేవీ దాచొద్దు.

– మొదట్లో వికారం, తలనొప్పి, నిద్రలో తేడా రావచ్చు. టెన్షన్ కాస్త పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. మనసు తేలికపడటానికి 2 నుంచి 4 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. "పది రోజులైంది, పని చేయలేదు" అని మానేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

– 25 ఏళ్లలోపు వాళ్లలో మొదట్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు, అందుకే మందు మొదలుపెడుతున్నట్టు ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి. ఏ వయసు వాళ్లకైనా అలాంటి ఆలోచనలు వస్తే ఆ రోజే డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి రాత్రయినా పగలయినా ఫోన్ చేయొచ్చు.

– మద్యం వద్దు.

– బాగుందని ఒక్కసారిగా ఆపొద్దు. తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం ఉండొచ్చు. డాక్టరే డోసు మెల్లగా తగ్గిస్తారు. ఊరెళ్లేటప్పుడు బ్యాగులో స్ట్రిప్ పెట్టుకున్నారో లేదో చూసుకోండి.