పాటను బట్టి చొక్కా: తిరుపతి ఎండలో ఇండీ స్టైల్

ముందు బీరువా కాదు, ఫోన్ తెరవండి. ఈ వారం పదేపదే వింటున్న ఇండీ పాటలో (అంటే సినిమా కోసం కాకుండా గాయకులు, బ్యాండ్లు సొంతంగా చేసే పాటలో) గొంతు ముందుందా, గిటారా, డ్రమ్సా అన్నది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

గాయకుడు ప్రతీక్ కుహాడ్ పాడేలాంటి మెల్లని పాటలకు ఉతికి ఉతికి మెత్తబడ్డ ఒకే రంగు కాటన్ చొక్కా చాలు. కొచ్చి బ్యాండ్ వెన్ చాయ్ మెట్ టోస్ట్ వింటుంటే పసుపు, నారింజ వేసేయండి.

అసలు మజా అగం అనే బ్యాండ్ దగ్గర ఉంది. వీళ్ళు కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలిపారు కాబట్టి, జీన్స్ మీదకి శ్రీకాళహస్తి కలంకారీ కుర్తా భలే కుదురుతుంది. కానీ కలంతో గీసిందో ప్రింటో అడిగి కొనండి, ధరలో చాలా తేడా ఉంటుంది. మొదటిసారి విడిగా, చల్లనీళ్ళలో ఉతికి నీడలో ఆరేయండి, లేకపోతే తెల్ల చొక్కాలకు కూడా కలంకారీ వచ్చేస్తుంది!

మెటల్ (హోరెత్తించే రాక్) అభిమానులకు నల్ల టీషర్టే కావాలి, తెలుసు. మే నెలలో మాత్రం సాయంత్రం దాకా ఆగండి, అదీ పల్చటి కాటన్‌దే.

కొండ మీద సేవ టికెట్ ఉన్న రోజు ఇవేవీ కుదరవు: పంచె-ఉత్తరీయం, లేదా చీర, దుపట్టాతో చుడీదార్. పాటలు బస్సులో వినేయండి, ఫోన్‌ని గుడిలోకి రానివ్వరు.