హాయిస్టుకు కాంటాక్టర్ మార్చే ముందు

బరువులెత్తే హాయిస్టు మోటారుకు కరెంటును కలిపి, తెంచే స్విచ్చే కాంటాక్టర్. దాన్ని కొనేటప్పుడు మన కళ్లు ముందుగా పడేది దాని మీద ఉన్న పెద్ద అంకె మీద. అది చాలాసార్లు హీటర్ల వంటి లోడ్లకు వర్తించే ఏసీ-1 రేటింగ్. 25 ఆంపియర్లని రాసి ఉన్నదానికి మోటార్ల కోసం చూడవలసిన ఏసీ-3 రేటింగ్ 9 ఆంపియర్లే ఉండటం మామూలే. మోటారు నేమ్‌ప్లేటు మీది కరెంటును ఏసీ-3 అంకెతో పోల్చండి.

హాయిస్టుకైతే అదీ చాలదు. పంపు మోటారు పూర్తి వేగంతో తిరుగుతుండగా ఆపుతాం కాబట్టి కాంటాక్టులు తెంచేది మామూలు కరెంటునే. హాయిస్టు నడిపే మనిషి మాత్రం బరువును సరిగ్గా చోటులో దించడానికి బటన్ నొక్కి వదులుతూ, మళ్లీ నొక్కుతూ ఉంటాడు. మోటారు వేగం అందుకోకముందే, సుమారు ఆరు రెట్ల స్టార్టింగ్ కరెంటు పారుతుండగానే కాంటాక్టులు విడిపోవాలి. ప్రతిసారీ ఆర్క్ (మెరుపు) లేస్తుంది, కాంటాక్టుల మీది వెండి మిశ్రమం కొంచెం కరుగుతుంది. ఈ పనికి చూడవలసింది ఏసీ-4 రేటింగ్. అవసరమైతే ఒక సైజు పెద్దది తీసుకోండి, ఇక్కడ పొదుపు వద్దు.

ఎందుకింత పట్టుదలంటే, కరిగిన కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కుపోతే బటన్ వదిలినా హుక్కు పైకి పోతూనే ఉంటుంది. హుక్కు హద్దు దాటకుండా ఆపే లిమిట్ స్విచ్, కాంటాక్టులను కలిపి పట్టుకునే అయస్కాంతపు చుట్ట (కాయిల్) సరఫరాను మాత్రమే తెంచేదైతే, అప్పుడు ఏమీ చేయలేదు. అందుకే మోటారుకు వెళ్లే కరెంటునే తెంచే చివరి లిమిట్ స్విచ్, ఎమర్జెన్సీ బటన్ నొక్కితే విడిపోయే వేరే మెయిన్ కాంటాక్టర్ ఉండాలి. పైకి, కిందికి నడిపే రెండు కాంటాక్టర్ల మధ్య, అవి ఒకేసారి కలవకుండా అడ్డుకునే ఎలక్ట్రికల్ ఇంటర్‌లాక్‌తో పాటు మెకానికల్ ఇంటర్‌లాక్ కూడా తప్పనిసరి.

కాయిల్ వోల్టేజీ సరిచూడండి. సాధారణంగా అది రేటెడ్ వోల్టేజీలో 85 నుంచి 110 శాతం మధ్య సరిగ్గా పనిచేస్తుంది. పొడవైన కేబుల్ చివర వోల్టేజీ పడిపోతే కాంటాక్టర్ గరగరలాడుతుంది, ఆ కొట్టుకోవడంలోనే కాంటాక్టులు కాలిపోతాయి.

మార్చే రోజున బరువు కిందికి దించి, మెయిన్ స్విచ్ తీసి తాళం వేసి, టెస్టర్‌తో మూడు ఫేజుల్లోనూ కరెంటు లేదని నిర్ధారించుకున్నాకే చేయి పెట్టండి. పాత కాంటాక్టులు నల్లబడితే కంగారు పడనక్కర్లేదు, ఆకురాయితో గీకవద్దు. వెండి పూసల్లా గడ్డకట్టి, అంచులు తినేసి ఉంటే మూడు ఫేజుల కాంటాక్టులనూ కలిపి మార్చాలి.

బిగించాక ఖాళీ హుక్కుతో నడిపి చూడండి. ఫేజులు తారుమారైతే ‘కిందికి’ నొక్కినా హుక్కు పైకి పోతుంది. పై లిమిట్ స్విచ్ తెంచేది ‘పైకి’ కాంటాక్టర్‌ను మాత్రమే కాబట్టి అది హుక్కును ఆపలేదు. దిశ సరిగా ఉందని తేలాకే, నెమ్మదిగా పై లిమిట్ దాకా పోనిచ్చి పరీక్షించండి.