ఫోన్లో పైసలు పోతే ముందు 1930

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తాని. తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీలు రాయడం నా పని. కానీ మిర్చి సీజన్లో రైతులు ఫోన్ చేతిలో పెట్టి "జర చూడు బిడ్డా" అంటే అదీ చూడాల్సిందే.

పోయిన సీజన్లో పరకాల దిక్కు కాకా ఒకాయన పొద్దున పదకొండింటికి వచ్చాడు. తేజ మిర్చి అమ్మిన పైసలు ముందురోజే ఖాతాలో పడ్డాయి. రాత్రి ఊరి వాట్సాప్ గ్రూపులో పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేది) వస్తే నొక్కాడట. తెల్లారి చూస్తే మూడుసార్లుగా 46 వేలు పోయాయి. "బ్యాంకుకు పోయిన బిడ్డా, సారు లేడు, మధ్యాహ్నం రమ్మన్నరు" అన్నాడు. అప్పటికే రెండు గంటలు వృథా.

బ్యాంకు తర్వాత, ఠాణా తర్వాత. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మన దగ్గర్నుంచి చేస్తే తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్లు ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. కేంద్ర హోంశాఖ 2021లో పెట్టిన ఏర్పాటు ఇది. మన ఫిర్యాదు కంప్యూటర్లో ఎక్కగానే పైసలు చేరిన బ్యాంకుకు కబురు పోతుంది. అక్కడింకా ఉంటే ఆపేస్తారు. ఇంకో ఖాతాకు దాటితే ఆ బ్యాంకుకు కబురు. బస్తాలు లారీ ఎక్కకముందే గేటు మూయించడం లాంటిది. దొంగలు నిమిషాల్లో ఖాతాలు మారుస్తారు కాబట్టే తొందర.

ఏపీకే నొక్కిన ఫోన్‌తో మాత్రం చేయకండి. దాంట్లో నెట్ బంద్ చేసి పక్కన పెట్టి, ఇంకొకరి ఫోన్ అడగండి. బ్యాంకు పేరు, ఖాతా నంబరు, పోయిన మొత్తం, టైము, మెసేజ్‌లో కనిపించే 12 అంకెల లావాదేవీ నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. మేం కాకా మూడు నంబర్లూ తక్‌పట్టీ వెనక రాసుకున్నాం. ఒక అంకె తప్పు చదివి మళ్లీ మొదటికొచ్చాం. లైను కలవకపోతే చేస్తూనే ఉండండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఎక్కించండి. ఫోన్లో చెప్పాక వచ్చే నంబరుతో 24 గంటల్లో అందులో పూర్తి ఫిర్యాదు ఎలాగూ ఇవ్వాలి.

తర్వాత బ్యాంకు. నోటితో చెప్పి రావద్దు, కాగితం మీద రాసిచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. రిజర్వ్ బ్యాంకు 2017లో ఇచ్చిన ఉత్తర్వు ఒకటుంది. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా పైసలు పోయి, మూడు పనిదినాల్లో చెప్తే మనకు నష్టం లేదు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయింది మన నెత్తినే, తెలిపాక పోయింది వాళ్ల నెత్తిన. అందుకే ముద్ర మీద తేదీ, టైము ముఖ్యం.

కాల్స్ ఎటైనా మళ్లించారేమోనని అనుమానముంటే ##002# కొట్టండి, మళ్లింపులన్నీ పోతాయి. ఫోటోలు దాచుకొని ఫోన్ మొత్తం రీసెట్ చేయిస్తే మంచిది. "మీ డబ్బు తెప్పిస్తాం, ఫీజు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్లూ అదే దొంగల బాపతు.

వ్యక్తులు ఒకరినొకరు పైసలు అడిగే యూపీఐ రిక్వెస్ట్‌ను 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. పైసలొస్తాయని చెప్పి క్యూఆర్ స్కాన్ చేయించే మోసం మాత్రం పోలేదు. పైసలు రావడానికి పిన్ కొట్టే పనే లేదు, ఎవరు అడిగినా సరే.

కాకా పైసల్లో 17 వేలు రెండో బ్యాంకు దగ్గర ఆగాయి. కొన్ని నెలలకు లోక్ అదాలత్ ద్వారా చేతికొచ్చాయి, మిగతాది పోయినట్టే. మొన్న కలిస్తే ఫోన్ కవర్ తీసి చూపించాడు. లోపల తక్‌పట్టీ ముక్క, దాని మీద నేను రాసిచ్చిన 1930. దాని కింద ఆయనే పెన్నుతో యూపీఐ పిన్ రాసుకున్నాడు. అప్పటికప్పుడు కొట్టేయించి, పిన్ మార్పించి పంపాను.